ఇల్లుబండికి పాసు మార్కు

పోయిన మే నెల రెండో శనివారం, పొద్దున ఐదూ పది నిమిషాలకు హోసూరులో మా మునిరాజు తన షెడ్డు గేటు తీశాడు. ఐదూ పన్నెండుకు నేను బండిని వెనక్కి తీయబోయి గేటు పక్కనున్న నీళ్ళ డ్రమ్మును పడగొట్టాను. ఆ చప్పుడుకు లేచిన వాచ్‌మన్ గడియారం చూసుకుని మరీ తిట్టాడు కాబట్టి టైములో పొరపాటు లేదు. మిగతావాటిలో ఉన్న పొరపాట్లన్నీ నావే.

మునిరాజు నా చెల్లెలి కొడుకు. లారీలకు బాడీ కట్టడం అతని పని. పరదేశానికి పోవాల్సి ఆగిపోయిన ఒక పెద్ద బస్సు చాసీని కొని, రెండేళ్ళు కష్టపడి దాని మీద ఇల్లు కట్టాడు. మాటకు అనడం కాదు, ఇల్లే. రెండు మంచాలు, సోఫా, గ్యాసు పొయ్యి, బాత్రూము, పైకప్పు మీద నీళ్ళ ట్యాంకు, దాని పక్కన ఏసీ. చదువుకున్నవాళ్ళు మోటార్‌హోమ్ అంటారు. మా ఆవిడ గౌరమ్మ ఇల్లుబండి అంటుంది. నేనూ అదే అంటాను.

దానికి మొదటి బేరం కృష్ణగిరి నుంచి వచ్చింది. నారాయణ వాద్యారు, ఆయన భార్య సరోజమ్మ. వాద్యారంటే మా వైపు బడి పంతులు. ఆయన లెక్కల పంతులుగా చేసి రిటైరైనాడు. ఇద్దరూ నలభై దినాలు కాశీకి పోయి రావాలనుకున్నారు. డీజిలు వాళ్ళే పోయించుకోవాలి కాబట్టి వాద్యారు రెండే అడిగాడు. లీటరుకు ఎంత ఇస్తుంది? ఎవరు తోలతారు?

మొదటిదానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. రెండోదానికి నేను చెయ్యెత్తాను.

నాకు అరవై ఎనిమిదేళ్ళు. ముప్పై ఆరేళ్ళు లారీ తోలాను. లారీ దిగి ఆరేళ్ళయింది. స్టీరింగు లేని చేతులతో ఏం చేయాలో తెలియక, ఇంట్లో కొళాయిలు బాగుచేస్తానని విప్పి ఒకటొకటిగా పాడుచేస్తూ వచ్చాను. లైసెన్సు మాత్రం ఇంకా బతికే ఉంది. కాశీ దాకా తోలితే నేనూ బతికే ఉన్నానని నలుగురికీ తెలుస్తుందని ఆశ.

"మామా, రెండు దినాలు తోలి చూపియ్యి" అన్నాడు మునిరాజు. "మైలేజి బాగా తెప్పించినావంటే కాశీకి నువ్వే. లేదంటే శూలగిరి వెంకటేశుకు చెప్తాను."

"వాడు నిన్న మొన్న పుట్టినోడు కదప్పా!"

"వాడికి నలభై రెండు మామా. ఇట్ల చూడు. ట్యాంకు పెద్దది మార్చినాను, డీజిలు ముల్లుకు వైరు ఇంకా తగిలించలే. యాభై ఐదు లీటర్లు పోసినాను. కెలమంగలం, కృష్ణగిరి, పోచంపల్లి, మళ్ళీ ఈడికి, అంతా కలిపి నూట ఎనభై కిలోమీటర్లు. ఎంత ఘోరంగా తోలినా పది లీటర్లు మిగులుతాది. మైలేజి ఈ అద్దంలో వస్తాది, ఇదో ఈ నెంబరు. రాసుకో."

"ఎంత రావాల?"

అంతలో అతని ఫోను మోగింది. "బాగా తోలితే బాగా వస్తాది మామా" అని చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

నేను కళ్ళద్దాలు పెట్టుకుని ఆ నెంబరు పక్కనున్న రాత చూశాను. ఇంగ్లీషు ఎల్, తర్వాత ఒక వాలుగీత, తర్వాత వంద, చివర కిలోమీటరు గుర్తు.

ఇక్కడ నా చదువు సంగతి చెప్పాలి. అక్షరాలు నేను అరవై రెండో ఏట నేర్చాను. మా వీధిలో ట్యూషన్ చెప్పే రుక్మిణమ్మ దగ్గర, మూడో తరగతి పిల్లల పక్కన చాప మీద కూర్చుని నేర్చాను. ఆమె పరీక్ష పెట్టి మార్కులు వేసేది. మొదటిసారి నాకు ముప్పై ఒకటి, వాలుగీత, వంద. రెండోసారి ముప్పై మూడు, వాలుగీత, వంద. ముప్పై ఐదు వస్తే పాసు. "రెండు మార్కులు వెయ్యమ్మా, ముసలోణ్ణి" అంటే "వయసుకు మార్కులు లేవు తాతా" అంది. అప్పటినుంచి వాలుగీత పక్కన వంద కనబడితే నా గుండె కొట్టుకునే తీరే మారిపోతుంది.

ఇక ఎల్ ఎవరికి తెలియదు? డ్రైవింగు నేర్చుకునేవాళ్ళ కార్లకు ఎర్రగా అంటించి ఉంటుంది. కాబట్టి చదివేశాను: నేర్చుకునేవాడికి, కిలోమీటర్లు తోలినందుకు, నూటికి ఇన్ని మార్కులు. ముప్పై ఆరేళ్ళు తోలినవాణ్ణి పట్టుకుని ఎల్ అంటుందా అని కొంచెం కోపం వచ్చింది. కొత్త బండి కదా, దానికి మనం తెలియదు, తెలిసేలా చేద్దాం అనుకుని గేరు వేశాను.

కెలమంగలం

హోసూరు దాటేసరికి ఎండ ఇంకా రాలేదు, రోడ్డు ఖాళీగా ఉంది. బండి వెన్నలాగా పోయింది. కాలు బరువు వేయకుండా, ఇంజను గొంతు వింటూ, పాత రోజుల్లో లాగా తోలాను. కెలమంగలంలో మా ఇంకో చెల్లెలు ఎల్లమ్మ ఇంటి ముందు ఆపి మీటరు చూస్తే ఇరవై ఒకటి.

అంత బాగా తోలితే ఇరవై ఒకటా! రుక్మిణమ్మే నయం.

ఎల్లమ్మది పట్టుపురుగుల ఇల్లు. ఎప్పుడూ చూడనివాళ్ళు ఒకసారి చూడాలి. తట్టల నిండా పురుగులు, గూడు కట్టబోయే ముందు చివరి ఈడుకు వచ్చినవి, రేకు మీద వాన పడుతున్నట్టు ఆకు నములుతూ ఉంటాయి. లోపలికి పోవాలంటే కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి, బీడీ తాగిన నోటితో పోకూడదు, తలకు వాసన నూనె ఉండకూడదు. మనుషుల పెళ్ళిళ్ళకు కూడా ఇంత నిష్ఠ నేను చూడలేదు.

నాతో వచ్చిన గౌరమ్మ బండిలో సోఫా మీద నిద్రపోతోంది కదా అని ఏసీ ఉండనిచ్చి, ఇంజను ఆర్పకుండా దిగాను. ఎల్లమ్మ రాగిముద్ద, ఉలవచారు పెట్టింది. చిత్తూరు వైపు సంగటిలో అన్నం కలుపుతారు. మా చెల్లెలు అందులో మెతుకు కనబడితే అది ముద్దే కాదంటుంది. రెండో ముద్ద తుంచుతుండగా ఆమె ముక్కు ఎగబీల్చింది.

"అన్నా! ఆర్పు దాన్ని! పొగంతా పురుగులింట్లోకి వస్తా ఉండాది!"

"లోపల మీ వదిన పండుకొనుండాది."

"వదిన లేచి మళ్ళీ పండుకుంటాది. పురుగులకు పొగ తగిలితే ఆకు ముట్టవు. నీ ఇల్లుబండి కోసం నా ఇల్లు ముంచుతావా?"

ఎంగిలి చేత్తో పరుగెత్తి ఆర్పాను. ఆర్పే ముందు మీటరు చూశాను. ఇరవై ఐదు! ఇరవై నిమిషాల్లో నాలుగు మార్కులు పెరిగాయి. అదీ బండి కదలకుండా.

ముప్పై ఆరేళ్ళ డ్రైవరుకు అక్కడ అనుమానం రావాలి. నిలబడిన బండి మైలేజి ఎట్లా ఇస్తుంది? నాకు రాలేదు. నేను అనుకున్నది ఇది: దూకుడు లేకుండా ఓపికగా నిలబడినందుకు మార్కులు వేసింది. రుక్మిణమ్మ కూడా అల్లరి చేయకుండా కూర్చున్నవాళ్ళకు రెండు మార్కులు వేసేది.

కృష్ణగిరి

రాయకోట మీదుగా కృష్ణగిరికి రోడ్డు మొత్తం మీద దిగుడే. కాలు ఎత్తి కూర్చుంటే బండి తనంతట తానే పోతుంది. నేను ఈల వేస్తూ తోలాను. మీటరు ఇరవై నాలుగు, ఇరవై రెండు, ఇరవై ఒకటి అని దిగుతూ వచ్చి, ఊరు చేరేసరికి ఇరవై దగ్గర నిలబడింది. నా ఈల ఎప్పుడు ఆగిందో తెలియదు.

మామిడికాయల కాలంలో కృష్ణగిరికి పోతే ముక్కే దారి చూపిస్తుంది. సెందూరా కిలో అరవై, మల్గోవా నూట ఇరవై చెప్పారు. ఫ్యాక్టరీకి పోయే బెంగుళూరా కాయ ట్రాక్టర్లలో వరసగా నిలబడి ఉంది. హోసూరులో కాయ కొంటే సంచిలో వేసి ఇస్తారు, అంతే. ఇక్కడ కోసి చేతిలో పెట్టి మన ముఖం చూస్తారు. తియ్యగా లేదని అన్నామంటే కాయను కాదు, మనల్ని అనుమానిస్తారు. నేను మూడు అంగళ్ళలో తిని నాలుగో అంగట్లో కొన్నాను. గౌరమ్మ సిగ్గుపడి వెనక నడిచింది.

వాద్యారు ఇంటి ముందు బండి ఆపాను. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడి బతికిన మనిషి. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి చక్రాలు లెక్కపెట్టాడు. సరోజమ్మ లోపలికెక్కి ప్రతి సొరుగూ లాగి చూసింది. ఏసీ చల్లదనం చూపించాలని ఇంజను ఆన్‌లోనే పెట్టాను. ఆ చల్లదనానికి ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు, వాళ్ళ చుట్టాలు అందరూ ఎక్కారు. రెండు గంటలు అట్లే నడిచింది. ఇరవై ఏడు!

"లీటరుకు ఎంత ఇస్తా ఉండాదప్పా?" అని అడిగాడు వాద్యారు.

"రేపటికి పాసవుతాది సార్."

"పాసా?"

"పాసే. నాది పూచీ."

ఆయన దాన్ని హాస్యం అనుకుని నవ్వాడు. మరునాడు హోసూరు దాకా బండిలో వచ్చి చూసి, అక్కడే మునిరాజుకు అవునో కాదో చెప్తామన్నాడు. నేను నోటు పుస్తకంలో ఇరవై ఏడు రాసి కింద గీత గీశాను.

పోచంపల్లి

ఆదివారం పోచంపల్లి సంత. చీరల పోచంపల్లి కాదు, మా కృష్ణగిరి పక్కనున్నది. గౌరమ్మ ఈ ప్రయాణానికి ఒప్పుకున్నదే దానికోసం. కొత్త చింతపండు, నాటుకోళ్ళు అక్కడ కొనాలని ఆమె పట్టు.

మేకల బేరం చూడాలి మీరు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు పట్టుకుని పైన తుండు కప్పుకుంటారు. ధర నోటితో చెప్పరు, తుండు కింద వేళ్ళతో చెప్పుకుంటారు. చుట్టూ వందమంది ఉన్నా ఎవరి ధర ఎవరికీ తెలియదు. హోసూరు మార్కెట్లో కొత్తిమీర కట్టకు కూడా వీధి చివరికి వినబడేలా అరుస్తాం.

గౌరమ్మ సంతలోకి పోయింది. నేను బండిని నిలిపి, ఏసీ వేసి, ఇంజను నడుస్తుండగా సీట్లో కాళ్ళు చాపుకుని మార్కులు సంపాదించుకోసాగాను. ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది. తలపాగా చుట్టుకున్న ఒక పెద్దమనిషి, మేకలు అమ్ముకుని వచ్చినవాడు, నీడకోసం బండి పక్కన చతికిలబడ్డాడు. కాసేపు చెవి ఒగ్గి విన్నాడు.

"ఏమప్పా, ఎవరికోసరం కాచుకోనుండావు?"

"ఆడమనిషి సంతకు పోయిండాది."

"మరి ఇంజనెందుకు ఆన్‌లో పెట్టినావు? నిలబడి తాగతా ఉండాది గదప్పా నీ బండి!"

"తాగేది కాదు పెద్దాయనా, మైలేజి పెరగతా ఉండాది. మీటర్లో రాసిండాది చూడు."

"నాకు చదివేది రాదప్పా. చెవులు వినిపిస్తాయి."

"అదే చెప్తా ఉండా. చదువు రాకుంటే ఇట్లనే ఉంటాది."

ఈ మాట నేనే అన్నాను. ఆరేళ్ళ కిందటి దాకా బస్సు బోర్డు చదవలేక పక్కవాణ్ణి అడిగిన నేను. ఆయన లేచి, తుండు దులుపుకుని, ఎండలోనే ఇంకో చోటు వెతుక్కున్నాడు.

మూడున్నర గంటల తర్వాత గౌరమ్మ ఒక గంప చింతపండు, రెండు కోళ్ళతో వచ్చింది. కోళ్ళను యాడ పెట్టేది అంటే యాడా లేదు. చివరికి బాత్రూములో వదిలి తలుపు వేశాం. మీటరు ముప్పై నాలుగు. ఒక్క మార్కు! గౌరమ్మను ఇంకో పది నిమిషాలు సంతలో తిరిగి రమ్మన్నాను. "నాకు కాళ్ళు లేవా? అరిగిపోవా?" అంది. బయలుదేరక తప్పలేదు.

శూలగిరి ఎత్తు

మళ్ళీ కృష్ణగిరికి వచ్చేసరికి ముప్పై ఒకటికి పడిపోయింది. వాద్యారు, సరోజమ్మ ఎక్కారు. సరోజమ్మ చేయి కడుక్కుందామని బాత్రూము తలుపు తీసింది. ఆ అరుపూ, కోళ్ళ అరుపూ, వాటిని మళ్ళీ లోపలికి తోసిన వివరాలూ వదిలేస్తాను. ఆవిడ చీరకు తగిలిన మరక గురించి గౌరమ్మ ఇప్పటికీ నన్నే అంటుంది.

అక్కడినుంచి హోసూరుకు ఎక్కుడు. ఎత్తు ఎక్కేకొద్దీ మీటరు పైకి పోసాగింది. ముప్పై రెండు, ముప్పై మూడు. నాకు హుషారు వచ్చింది. ఏసీ ఫుల్లు. పైన ట్యాంకు నిండా నీళ్ళు. కాలు నేలకు ఆనేలా తొక్కాను. లారీలను దాటాను. ఇంజను గొంతు పూర్తిగా మారింది. మోత, మూలుగు, కొసన ఒక ఎండు దగ్గు. నా చెవులకు అది తెలుసు. బండి తాగుతోందని, ఇట్లా తోలకూడదని, పాత లారీలో ఇట్లా తోలితే ముందు కట్టెపుల్ల పెట్టి ట్యాంకు కొలుచుకునేవాణ్ణని చెవులు చెప్తూనే ఉన్నాయి. నేను కళ్ళద్దాలు సర్దుకుని మీటరు చూశాను. చెవులకు చదువు లేదు కదా.

ముప్పై నాలుగు.

శూలగిరి ముందర ఎత్తు మీద, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, ముప్పై ఐదు.

"పాసు!" అని అరిచి హారను కొట్టాను. "వాద్యారే, పాసైనాం!"

ఆ హారను ఆగేలోపల ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

బండిని ఎలాగో రోడ్డు పక్కకు ఒరిగించి, దిగి చక్రాల కింద రాళ్ళు పెట్టాను. ట్యాంకు మూత తీసి పుల్ల దించాను. పుల్ల ఎట్లా పోయిందో అట్లే పైకి వచ్చింది, పొడిగా. వాద్యారు ముందుకు వచ్చి నా సీటు వెనక నిలబడి మీటరు చూశాడు. తర్వాత నా నోటు పుస్తకం తీసుకుని చూశాడు. అంకెలూ, గీతలూ, కింద పెద్దగా రాసుకున్న 'ముప్పై ఐదు = పాసు'.

"దీన్ని ఎట్ల చదివినావప్పా తిమ్మరాయప్పా?"

చెప్పాను. ఎల్ బోర్డు సంగతి కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"ఎల్ అంటే లీటరు. నూరు కిలోమీటర్లు పోయేదానికి ఎన్ని లీటర్లు తాగిందో చెప్తాది ఇది. ఎక్కువ వస్తే పాసు కాదు, ఫెయిలు."

"అంటే తక్కువ రావాలనా?"

"తక్కువే."

"దిగుడులో ఇరవై వచ్చినప్పుడు?"

"అప్పుడు నువ్వు క్లాసు ఫస్టు."

వెనకనుంచి గౌరమ్మ అంది: "అప్పుడే ఇంటికి తిప్పుకోనుంటే అయిపోవును."

రోడ్డు పక్క రాయి మీద కూర్చుని నా పనులన్నీ ఒక్కొక్కటిగా గుర్తు చేసుకున్నాను. మీకు ఎప్పుడైనా ఇంత పెద్ద డీజిలు బండి దొరికితే, నేను చేసినవన్నీ వరసగా తిరగేసి చేయండి, చాలు. నిలబడితే ఆర్పండి. ఎత్తు మీద తొందర పడకండి. వాడని నీళ్ళను కప్పు మీద మోయకండి. నీడ దొరికితే ఏసీ వద్దు. ఆ బండే, ఆ ఏసీయే, తర్వాత సరిగా తోలితే లీటరుకు నాలుగున్నర ఇచ్చింది. నా చేతిలో మూడు కూడా ఇవ్వలేదు.

మునిరాజుకు ఫోను చేశాను. చేసే ముందు ఒక అబద్ధం సిద్ధం చేసుకున్నాను. డీజిలు పైపు లీకు అని. నున్నగా, నమ్మేలా ఉంది. అది చెప్తే, పక్కన వింటున్న వాద్యారు ఏది నిజమో తేలక పోయి ఇంకో బండి చూసుకుంటాడు, రెండేళ్ళు కష్టపడినవాడు షెడ్డులో ఆ బండిని చూస్తూ కూర్చుంటాడు.

"మామా, మైలేజి ఎంత?"

"మూడు లేదప్పా. బండి తప్పు కాదు. నేనే నిలబెట్టి తాగించినాను."

"ఎందుకు?"

"మార్కులకు."

  

"వెంకటేశు ఆడనే శూలగిరిలో ఉండాడు. డీజిలు తెస్తాడు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మామా, తాళం వాడికి ఇచ్చేయి."

సరే అన్నాను. ఇంకేమనాలి?

అరగంటలో వెంకటేశు బైకు మీద రెండు క్యాన్లు కట్టుకుని వచ్చాడు. డీజిలు పోసినంత మాత్రాన అయిపోదు, పైపుల్లోకి గాలి దూరి ఉంటుంది. దాన్ని తీయాలి. అతను స్పానరు పట్టుకుని ఒక క్షణం ఆగి, నావైపు చూశాడు. "మీరు తీస్తారా మామా?" అన్నాడు. ఫిల్టరు పక్కన స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టాను. నురగ వచ్చింది, నురగ పోయి బుడగలు వచ్చాయి, బుడగలు పోయి డీజిలు తీగలాగా వచ్చింది. బిగించాను. ఆ రెండు దినాల్లో నేను చదవకుండా చేసిన పని అదొక్కటే, అదొక్కటే సరిగా జరిగింది.

చేతులు తుడుచుకుని తాళం ఇచ్చాను. అతను తీసుకోవడానికి కొంచెం తడబడ్డాడు. అతని అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాను.

"ఎంత ఇస్తాదప్పా ఈ బండి?" అని అడిగాడు వాద్యారు.

"తోలి చూస్తేగానీ తెలీదు సార్" అన్నాడు వెంకటేశు.

వాద్యారు సరోజమ్మ వైపు తిరిగి తల ఊపాడు. కాశీ బేరం అక్కడే, రోడ్డు పక్కన కుదిరింది.

వెంకటేశు బైకును టీ అంగడి దగ్గర పెట్టి వచ్చి ఎక్కాడు. ముందుగా ఏసీ ఆర్పాడు, కిటికీలు తీయమన్నాడు. నేను ఎప్పుడూ చూడని వైపునుంచి, వెనకనుంచి, రోడ్డును చూశాను. ఎత్తు మీద నాలుగో గేరులో ఇంజను కొంచెం మూలిగింది. "మూడుకు దించు" అని చెప్పడానికి నేను నోరు తెరిచేలోపలే అతనే దించాడు. గొంతు సాఫైంది. బాగానే తోలతాడు. ఈ ఒక్క మాట రాయడానికి నాకు నాలుగు దినాలు పట్టింది.

ఆ ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు ఆ బండిలో హోసూరుకు ఎక్కి వచ్చినవాళ్ళు వీళ్ళు: స్టీరింగు దగ్గర శూలగిరి వెంకటేశు. అతని పక్కన, మీటరు చదువుతూ, నారాయణ వాద్యారు. మంచం మీద, చీర మరకను నీళ్ళతో రుద్దుకుంటూ, సరోజమ్మ. బాత్రూములో పేర్లు లేని రెండు కోళ్ళు. సోఫాలో కిటికీ వైపు గౌరమ్మ. ఆమె పక్కన, ఒళ్ళో చింతపండు గంప పెట్టుకుని, ప్యాసింజరు తిమ్మరాయప్ప.